హజ్రత్ యూసుఫ్ (అలై) ఏమని అడిగారు?

మొన్న సూరహ్ యూసుఫ్ పాఠం నడుస్తుండగా, మొదటిసారి ఓటు వేయబోతున్న ఒక విద్యార్థి లేచి, “ఉస్తాద్, అభిమాన నటుడు పోటీ చేస్తే ఆయనకు ఓటు వేయడం తప్పా?” అని అడిగాడు. తోటివారు నవ్వారు. అది నవ్వి వదిలేయదగిన ప్రశ్న కాదని మాకు తోచింది.

తెలుగునాట ఈ ప్రశ్నకు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1982 మార్చిలో పార్టీ స్థాపించిన ఎన్.టి. రామారావు తొమ్మిది నెలలకే అధికారంలోకి వచ్చారు. వెండితెర పాత్రలే ఆయనను గెలిపించాయని అనేవారు ఉన్నారు. మేము అప్పటికి చిన్నపిల్లలం. మా ఇంట్లో పెద్దలు మాట్లాడుకున్నది మాత్రం కిలో రెండు రూపాయల బియ్యం గురించి. అదే రామారావు 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు. చిరంజీవి 2008లో పార్టీ పెట్టినప్పుడు జనం పోటెత్తారు. మరుసటి ఏడాది 294 స్థానాల్లో దక్కినవి 18. పవన్ కల్యాణ్ 2019లో పోటీ చేసిన రెండు చోట్లా ఓడిపోయి, 2024లో పొత్తులో భాగంగా తమ పార్టీకి వచ్చిన 21 స్థానాలనూ గెలిపించుకున్నారు. ఈ అయిదేళ్ళలో ముఖం మారలేదు. మారినవి పరిస్థితులు. కీర్తి జనాన్ని సభకు రప్పిస్తుంది, ఓటు దాకా నడిపించడానికి అది ఒక్కటే చాలదు.

అయితే ఎవరు గెలుస్తారన్నది వేరు, మనం ఎవరిని ఎన్నుకోవాలన్నది వేరు. ఓటును షహాదత్‌గా, అంటే సాక్ష్యంగా, మన ఉలమాలు వివరించారు. ఫలానా వ్యక్తి ఈ పనికి అర్హుడని మనం సాక్ష్యమిస్తున్నాము. తెలియని విషయానికి సాక్ష్యం ఎలా ఇస్తాము?

ఆనాటి పాఠమే ఇక్కడ మాకు సాయపడింది. హజ్రత్ యూసుఫ్ (అలై) సౌందర్యాన్ని చూసి స్త్రీలు చేతులు కోసుకున్నారు. ఆయన దైవప్రవక్తల వంశీయులు కూడా. కానీ ఈజిప్టు ధనాగారాల బాధ్యత కోరినప్పుడు ఆ రెండింటిలో దేనినీ ప్రస్తావించలేదు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని మాత్రమే చెప్పుకున్నారు. ఇమామ్ ఖుర్తుబీ తమ తఫ్సీర్‌లో ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తిచూపారు. ముందున్నవి కరువు సంవత్సరాలు. గింజను లెక్కపెట్టి దాచేవాడు కావాలి.

నటులను మాత్రమే అనడం న్యాయం కాదు. జల్సాకు వక్తను పిలిచేటప్పుడు మనం ఇల్మ్ చూస్తున్నామా, గొంతు చూస్తున్నామా? మస్జిద్ కమిటీకి సదర్‌ను ఎన్నుకునేటప్పుడు లెక్కలు రాయగలడా అని ఎందరు అడుగుతున్నారు? ఈ విషయంలో మేమూ నిర్దోషులం కాము.

నటుడైనంత మాత్రాన అనర్హుడు కాడని, నటుడైనంత మాత్రాన అర్హుడూ కాడని ఆ అబ్బాయికి చెప్పాము. “మీ మొహల్లాకు మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయన్నావు కదా, దాని గురించి అభ్యర్థులు ఏమన్నారు?” అని అడిగితే తల దించుకున్నాడు. పోటీలో ఉన్నవారిలో అతనికి తెలిసిన పేరు ఒక్కటే. శుక్రవారం సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు మిగతావారి పేర్లు, నీళ్ళ గురించి వారి మాటలు కనుక్కుని రమ్మని పంపాము.