పదకొండు సోమవారాలు

నా మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో, ఐటీ సపోర్ట్. ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి అకౌంట్స్ నుంచి ఫోన్: "బాబూ, సిస్టమ్ మళ్లీ పడుకుంది!" సర్వర్ రీస్టార్ట్ చేసేవాణ్ని. పది నిమిషాల్లో టికెట్ క్లోజ్. నెలాఖరుకి నా రిపోర్ట్ అంతా పచ్చపచ్చగా ఉండేది. 'స్టార్ పెర్ఫార్మర్' కప్పు కూడా ఇచ్చారండోయ్!

కొత్తగా వచ్చిన టీమ్ లీడ్ మేడమ్ ఒక్కటే అడిగారు: "ఇదే సర్వర్‌ని ఎన్ని సోమవారాలు లేపావు?" లెక్కపెడితే పదకొండు.

1980ల్లో బ్రిటన్ ప్రభుత్వం తయారుచేయించిన ఐటీఐఎల్ పద్ధతులు నాకు తెలియనివేం కాదు. బట్టీపట్టి సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నా. పని ఆగిపోతే అది 'ఇన్సిడెంట్', ముందు నడిపించాలి. దాని వెనకున్న కారణం 'ప్రాబ్లమ్', దాన్ని తవ్వాలి. నేను తవ్విందే లేదు. ఇదంతా ఫారాలు నింపే గోల అనుకునేవాణ్ని (కొన్నిచోట్ల నిజంగా అంతే లెండి).

పదకొండు టికెట్లూ కలిపి ఒక ప్రాబ్లమ్ రికార్డ్ తెరిచాం. దొరికింది! ఆదివారం రాత్రి నడిచే ఓ రిపోర్ట్ ప్రోగ్రామ్ డేటాబేస్ కనెక్షన్లు తెరుస్తోంది, మూయడం లేదు. పొద్దున్నే జనం లాగిన్ అయ్యేసరికి ఒక్కటీ ఖాళీ ఉండదు. రీస్టార్ట్ చేస్తే అన్నీ తెగిపోయి మళ్లీ వారం దాకా నిశ్చింత.

సరిచేసింది రెండు లైన్ల కోడ్. టెస్టింగ్, అనుమతులు అయ్యేసరికి మూడు వారాలు. అన్నాళ్లూ మా డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రచుక్కే. "ఇంకా ఎందుకు తెరిచి ఉంది?" అని మేనేజర్ రోజూ అడిగేవారు.

ఆ తర్వాతి సోమవారం ఫోన్ మోగలేదు. నేను క్లోజ్ చేసిన టికెట్లు తగ్గాయని ఆ నెల కప్పు ఇంకొకరికి వెళ్లింది. తొమ్మిదింటికి టీ మాత్రం వేడిగా తాగా.