రోగిని మాట్లాడనివ్వండి

మానసిక వైద్య విభాగానికి వచ్చే కుటుంబాలు తరచు మాతో ఒక మాట అంటాయి: "గంటసేపు మాట్లాడించారు గాని, ఒక్క పరీక్ష కూడా రాయలేదు." నిజానికి ఆ మాటలే పరీక్ష. డిప్రెషన్‌ను నిర్ధారించే రక్తపరీక్ష లేదు. థైరాయిడ్ వంటి లోపం ఉందేమో చూడడానికి రక్తపరీక్ష రాస్తాము. మిగిలినది అడిగి, విని, గమనించి తెలుసుకోవలసిందే.

ముందు "ఏమిటి ఇబ్బంది?" అని అడిగి, రోగి తనంతట తాను చెప్పేది వింటాము. చాలామంది ఒళ్లునొప్పులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడంతో మొదలుపెడతారు. మనసులోని దిగులు ఆ తరువాత బయటపడుతుంది. అప్పుడు ఆకలి, పని, మద్యం అలవాటు గురించి ఒక్కొక్కటిగా అడుగుతాము. ఈ రోజు ఏ వారమని, 100లోంచి 7 తీసివేస్తూ పొమ్మని కూడా అడుగుతాము. జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో దానివల్ల తెలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. కోడలిని ప్రశ్న అడిగితే అత్తగారు జవాబు చెబుతారు. కొడుకుని అడిగితే తండ్రి అందుకుంటారు. రోగి తల వంచుకుని కూర్చుంటారు. అందుకే మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటాము. దయచేసి నొచ్చుకోవద్దు. జబ్బు ఎప్పుడు మొదలైందో, అంతకుముందు మనిషి ఎలా ఉండేవారో మీకే బాగా తెలుసు. ఆ వివరాలు మీ దగ్గర విడిగా అడుగుతాము. రోగి చెప్పినది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో మాత్రమే అవసరమైనంత వరకు చెప్పవచ్చు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మేము అడిగితే కొందరు తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. లేని ఆలోచన పుట్టిస్తున్నామని భయపడతారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా మోస్తున్న బరువు చెప్పుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. ఇంట్లో మీరు కూడా నెమ్మదిగా అడగవచ్చు. అవునంటే తిట్టవద్దు, నీతులు చెప్పవద్దు. మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఏ వేళలోనైనా 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

తోడుగా రండి. కాని రోగి మాట రోగినే చెప్పనివ్వండి. ఆ కొద్ది నిమిషాలు మీరు బయట కూర్చోవడం కూడా వైద్యంలో భాగమేనని మా అభిప్రాయం.