ఇంటి టెలివిజనుకు ఛానెళ్ళు అమర్చుకొనుట మనమే నేర్వవలయును



ఈ పత్రికయందు విత్తనములగూర్చియు, ఎరువులగూర్చియు, అప్పుల వాయిదాలగూర్చియు వ్రాయుట పరిపాటి. ఇంటిలోని టెలివిజనుగూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోపవచ్చును. అయినను నేడు మనలో పెక్కుమంది దానికై నెలనెల రీఛార్జి పేర సొమ్ము చెల్లించుచున్నారు. ఆ సొమ్ము దేనికి పోవుచున్నది, అందువలన మన యింటికి వచ్చుచున్న మేలెంత యని విచారించువారు మాత్రము కొలదిమందియే. పొలమున అర బస్తా ఎరువు హెచ్చుగా పడినచో లెక్క వ్రాసికొను మనము ఈ ఖర్చునకు లెక్కయే పెట్టకున్నాము.

రెండేండ్ల క్రిందట సార్వా కోతలనాడు నాకు కలిగిన నష్టమును దాపరికములేక చెప్పెదను. వరి కోయించి పనలను చేనియందే యుంచితిమి. ఆ సాయంకాలము టెలివిజను తెరపై ‘సిగ్నల్ లేదు’ అను అక్షరములే గాని బొమ్మ రాలేదు. మెకానిక్కునకు కబురంపగా రేపు వచ్చెదననెను. ఆ రేపు నాలుగు దినములకు వచ్చినది. ఈలోపల మూడవనాటి రాత్రి వాన కురిసి ఒక ఎకరము పనలు తడిసి మొలకలెత్తినవి. వాన రాగలదని ముందుగనే టెలివిజనులో చెప్పిరని పొరుగూరి బంధువు తరువాత చెప్పగా వింటిని. మెకానిక్కు వచ్చి చేసిన పని యేమి? మిద్దెమీది తీగ కొసనున్న తుప్పుపట్టిన పిన్నును కోసివైచి క్రొత్తది బిగించెను. ఐదు నిమిషముల పని! తప్పు అతనిది కాదు. అతడొక్కడు, ఊళ్ళు ఇరువది. మోటారునకు ఫ్యూజు వేసికొనుట నేర్చిన నేను, ఈ పిన్ను బిగించుట నేర్వకపోవుటయే తప్పు.

కావున నేను చెప్పదలచినది ఒక్కటే. డిష్షును త్రిప్పి నిలుపుట, పెట్టెలో ఛానెళ్ళను వెదకి అమర్చుట, వానిలో మనకు వలసినవానిని ఏరుకొనుట, ఈ మూడును ప్రతి రైతుకుటుంబమందు ఒకరైనను నేర్వవలయును. ఆ నేర్పునకు మన సంఘము తోడ్పడవలయును.

ఈ విద్య పల్లెలకు క్రొత్తది కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు అందినవి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము ఒకటి. పదియడుగుల వ్యాసముగల వలడిష్షును నిలిపి, ఊరందఱు ఒక్క టెలివిజను ముందు గూర్చుండి, సేద్యమును ఆరోగ్యమును గూర్చిన విషయములను తెలుగులో వినిరి. హైదరాబాదు నగరమున దూరదర్శన్ కేంద్రము నెలకొన్నది 1977లో. అనగా ఆకాశమునుండి దిగిన తెలుగు బొమ్మను రాజధానికన్న ముందు పల్లెలే చూచినవి! నాడు సేద్యమునకై వచ్చిన సాధనము నేడు రెండడుగుల డిష్షయి మన మిద్దెలమీదికి చేరినది. కాని దానిలో సేద్యమునకు గల చోటు ఎంతో మనము విచారింపవలయును.

నడుమ జరిగిన మార్పులను సంక్షేపముగా చెప్పెదను. 2011లో కేబులు చట్టమును సవరించి, దేశమునందంతటను కేబులు ప్రసారములను డిజిటల్ పద్ధతికి మార్చ నిర్ణయించిరి. ఆ మార్పునకు పల్లెలకిచ్చిన గడువు 2017 మార్చి 31. నాటినుండి సెట్‌టాప్ బాక్సు లేనిదే కేబులు బొమ్మ రాదు. దూరదర్శన్‌వారు తమ పాత టవరు ప్రసారములను సయితము 2022 నాటికి దాదాపుగా నిలిపివేసిరి. కావున మిద్దెమీద మిగిలియున్న పాత అల్యూమినియపు యాంటెన్నా కాకులు వ్రాలుటకు తప్ప వేరొకందుకు పనికిరాదు.

ఇక సొమ్ము మాట. 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన ట్రాయ్ నిబంధనలప్రకారము ప్రతి పే ఛానెలునకు విడిగా వెల ప్రకటింపవలయును. వలసినదానిని విడిగా కోరుకొనుటకు చందాదారునకు హక్కు కలదు. కేబులుగాని కంపెనీ డిష్షుగాని పెట్టుకొన్నవారు ‘ప్యాకేజీ ఇదియే’ యని చెప్పినంతనే తల యూపనక్కఱలేదు. ఛానెళ్ళ వెల గాక, ప్రసారము చేర్చినందుకు వేఱుగా తీసికొను రుసుమునకు తొలుత 130 రూపాయల పరిమితి యుండెను. 2024 జూలైలో ఆ పరిమితిని తొలగించిరి. ఇప్పుడు ఎవరి రుసుమును వారే నిర్ణయింపవచ్చును. అందుచేత అడిగి, చూచి, లెక్కగట్టి చెల్లించుట మునుపటికన్న నేడు ఎక్కువ అవసరము.

నెలసరి చందా ఏమియు లేనిది దూరదర్శన్‌వారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో 33 ఛానెళ్ళతో వేరొక పేర మొదలైన యీ సేవలో నేడు అంతకు ఎన్నో రెట్లు ఛానెళ్ళున్నవి. డిష్షునకును పెట్టెకును ఒక్కసారి పెట్టు ఖర్చే గాని తరువాత రీఛార్జి లేదు. ఆంధ్రప్రదేశమునకు డీడీ సప్తగిరి, తెలంగాణమునకు డీడీ యాదగిరి, రైతులకొఱకు 2015 మే 26న ఆరంభించిన డీడీ కిసాన్, ఆకాశవాణి రేడియో ప్రసారములు, ఇవి యన్నియు అందులో గలవు. 2020 నుండి ఒకటవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు తరగతి కొక్క ఛానెలు చొప్పున పాఠములను గూడ ఇచ్చుచున్నారు. ప్రయివేటు తెలుగు ఛానెళ్ళన్నియు ఇందుండవు; ఆ సంగతి ముందే తెలిసికొని దిగుట మంచిది.

అమర్చుకొను విధము కష్టమైనది కాదు. ఈ ప్రసారము జీశాట్-15 అను మన ఉపగ్రహమునుండి వచ్చుచున్నది. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమువద్ద, ఇంచుమించు 36,000 కిలోమీటర్ల యెత్తున, మనకు కదలనట్లే నిలిచియుండును. మన సీమనుండి చూడగా అది ఆగ్నేయ దిక్కున నుండును. రాయలసీమవారికి సరిగా ఆగ్నేయము. కృష్ణా గుంటూరు ప్రాంతములవారికి ఆగ్నేయమునుండి కొంచెము దక్షిణమునకు. శ్రీకాకుళమువారికి ఇంకను దక్షిణమునకు జరుగును. ఎత్తు ఇంచుమించు 65 డిగ్రీలు, అనగా నడినెత్తికిని దిగంతమునకును నడుమ సగముకన్న పైన. అయినను డిష్షును అంతగా వెల్లకిల వేయరాదు. దాని మూతి, అనగా ఎల్.ఎన్.బి., క్రిందిప్రక్కగా అమర్చబడినందున, డిష్షు కొంత నిలువుగా కనబడునప్పుడే సిగ్నలు చక్కగా పడును.

మొదట ఆ దిక్కున కొబ్బరిచెట్టుగాని మామిడికొమ్మగాని అడ్డులేని చోటు చూడుడు. ఇనుప కంబము తాడువేసి చూచినట్లు నిలువుగా నుండవలయును. కంబము వంకరయైనచో ఎంత త్రిప్పినను ఫలములేదు. పిదప తీగను పెట్టెకు తగిలించి, రిమోటుతో మెనూలో సిగ్నలు చూపు గీతలు కనబడు చోటికి పోయి, ఒకరు తెరను చూచుచుండగా మఱియొకరు డిష్షును వ్రేలెడు వ్రేలెడుగా మాత్రమే జరుపవలయును. ఒకసారి జరిపి మూడు నాలుగు క్షణములు ఆగుడు. పెట్టె సిగ్నలును గుర్తించుటకు అంత వ్యవధి పట్టును. తొందరపడి త్రిప్పువారు సరియైన చోటును దాటిపోయి, అది దొరకలేదని వాపోవుదురు. గీతలు హెచ్చిన చోట బోల్టులు బిగించి, ఆటో స్కాన్ నొక్కినచో ఛానెళ్ళు వాటంతట అవియే చేరును.

ఇచట రెండు హెచ్చరికలు. ఫ్రీ డిష్‌లో ప్రయివేటు ఛానెళ్ళకు దూరదర్శన్‌వారు వేలముద్వారా చోటిచ్చుచుందురు. అందుచేత అప్పుడప్పుడు కొన్ని ఛానెళ్ళు పోయి కొన్ని వచ్చును. చూచుచున్న ఛానెలు మాయమైనంతనే పెట్టె చెడినదని క్రొత్తది కొనకుడు. మరల స్కాన్ చేయుడు. రెండవది, పాత ఎంపెగ్-2 పెట్టెలలో కొన్ని ఛానెళ్ళే వచ్చును; ఎంపెగ్-4 పెట్టె యైనచో రెండు రకములును వచ్చును. కొనునప్పుడే అడిగి కొనుడు. సిగ్నలు తగ్గినచో మొదట తీగ పిన్నును, పిదప ఎల్.ఎన్.బి. మూత పగిలి నీరు చేరినదేమో, కందిరీగలు గూడు పెట్టినవేమో చూడుడు. ఇట్టి పనులకు పూనుకొనుటకు ముందు కరెంటు ప్లగ్గును తీసివేయుట మఱవకుడు. ఉఱుములు మెఱుపులు గలవేళ మిద్దె నెక్కనే కూడదు.

డిష్షునకు గల లోపమునుగూడ చెప్పకున్న సత్యము దాచినవాడనగుదును. దట్టముగా వాన కురియునప్పుడు ఆ జలధారలు సిగ్నలును మ్రింగివేయును. అందుచేత తుపాను మీదికి వచ్చిన వేళ డిష్షు మూగవోవును. కావున హెచ్చరికలను వాన పడకముందే వినవలయును. వానలో వినుటకు బ్యాటరీతో పలుకు చిన్న రేడియోను ఇంటనుంచుకొనవలయును. అమరిక యెంత చక్కగా నుండునో, వానలో సిగ్నలు అంత ఆలస్యముగా పోవును. సరిగా బిగింపని డిష్షు చినుకు పడకముందే చేతులెత్తివేయును.

‘చేతిలో ఫోనుండగా ఈ శ్రమ యేల?’ యని యువకులు అడుగవచ్చును. ఫోను మంచిదే, కాని అది ఒకరి చేతిలోనిది. పశువులను చూచుకొను ఇల్లాలును, చదువురాని పెద్దలును, బడిపిల్లలును ఒక్కచోట గూర్చుండి వినునది టెలివిజను. సేద్యపు నిర్ణయము ఇంట నలుగురు కలిసి చేయునది గదా! ‘సీరియళ్ళు, క్రికెట్టు మానుమందురా?’ యని మఱికొందఱు. మానుమనుట లేదు. వలసినవారు సొమ్మిచ్చి చూడవచ్చును. చూడనివానికి సొమ్మిచ్చుట మాత్రము మానుడు. రిమోటులో ఫేవరెట్ అను మీట గలదు. దానితో సేద్యము, వార్తలు, పిల్లల పాఠములు గల ఛానెళ్ళను ముందువరుసలో నిలిపినచో, వందల ఛానెళ్ళ అడవిలో మనకు వలసిన చెట్టు వెంటనే కనబడును.

దూరదర్శన్‌వారికిని మన విన్నపము ఒకటి కలదు. డీడీ కిసాన్ ప్రధానముగా హిందీ ఛానెలు. 2024 మే నెలలో అందు యంత్రబుద్ధితో పలుకు ఇద్దఱు వ్యాఖ్యాతలను ప్రవేశపెట్టి, వారు యాబది భాషలలో మాటాడగలరని ప్రకటించిరి. సంతోషమే. కాని మన వరికి వచ్చు సుడిదోమను, మన మిరపకు వచ్చు నల్లతామరపురుగును గూర్చి, పొలమునుండి ఇంటికి చేరిన వేళ, మన తెలుగులో చెప్పు ఒక గంట కార్యక్రమము మాకు ఆ యాబది భాషలకన్న మిన్న. సంఘములు తీర్మానములు చేసి పంపినగాని ఇట్టివి నెరవేరవు.

కడపట మన సంఘ పాలకవర్గమునకు మూడు ప్రార్థనలు. సంఘమున ఒక దిక్సూచియు, సిగ్నలు కొలుచు చిన్న మీటరును, పిన్నులు బిగించు పనిముట్టును ఉంచి, తుంపర మందు పంపులవలెనే సభ్యులకు వంతున ఇయ్యవలయును. ఊరిలో చదువుకొన్న ఇద్దఱు యువతీయువకులకు ఈ పని నేర్పించి, న్యాయమైన కూలి నిర్ణయింపవలయును. వచ్చు సర్వసభ్య సమావేశమున, పైని చెప్పిన తెలుగు కార్యక్రమమును కోరుచు తీర్మానము పెట్టవలయును.

పదిరూపాయల పిన్ను తెలియక ఎకరము పనలు పోగొట్టుకొన్న నా అనుభవము మఱియొక సభ్యునకు కలుగకుండుగాక యని కోరుచు విరమించుచున్నాను.

— ఒక సభ్యుడు