కుక్క చెవి కొరికింది సరే... చీటీలో ఏం రాశారు?

మన భాషలో చెవి కొరకడమంటే గుట్టుగా మాట చేరవేయడం. నిజంగా చెవి కొరికిన సంగతంటే నలుగురికీ గుర్తొచ్చేది బాక్సర్ మైక్ టైసన్. 1997 జూన్ 28న లాస్ వెగాస్ బరిలో హోలీఫీల్డ్ కుడి చెవి ముక్క ఊడొచ్చేలా కొరికాడు. ప్రపంచమంతా టీవీలో చూసింది కాబట్టి ఎవరు కొరికారు, ఏ చెవి అని ఎవరూ అడగక్కర్లేదు. జార్జి టౌన్ సందులో కుక్క పాలబడ్డ పిల్లాడి సంగతి అలా కాదు. వాడికేమైందో చెప్పేది ఆసుపత్రి చీటీ ఒక్కటే.

మింట్ వీధి పక్క సందులో మాకు తెలిసినవాళ్లింటికి సూళ్లూరుపేట నుంచి చుట్టాలొచ్చారు. కొట్లు మూసే వేళ వాళ్ల ఆరేళ్ల పిల్లాడి మీద కుక్క ఎగబడి ఎడమ చెవి తమ్మె చీల్చేసింది. తల్లి తుండుగుడ్డ చుట్టి, దగ్గర్లో ఉన్న ఓ ఆసుపత్రికి పరుగెత్తింది. నర్సు గుడ్డ వైపు చూసి 'కాదా?' అంది. తమిళంలో చెవిని కాదు అంటారు. ఈమెకేమో 'కుక్క కరవలేదా?' అన్నట్టు వినిపించింది. 'కుక్కేనమ్మా, కుక్కే' అని ఏడ్చింది. చీటీలో రెండే మాటలు పడ్డాయి... డాగ్ బైట్. ఒకరు గాయం కడిగి కట్టు కట్టారు. సూది వేసే గదిలో ఉన్నవాళ్లు చీటీ చూస్తారు గానీ కట్టు విప్పరు కదా. టెటనస్ సూది, టీకా మొదటి మోతాదు వేసి పంపేశారు.

మూడో రోజు రెండో మోతాదుకు వెళ్తే ఇంకో డాక్టరు కట్టు విప్పించి ఉలిక్కిపడ్డారు. 'సీరం వేశారా?' అని అడిగారు. వేయలేదు. మొదటి టీకా పడ్డ ఏడు రోజుల్లోపు సీరం వేయొచ్చు కాబట్టి బతికిపోయాడు.

ఇదేదో చాదస్తం అనుకోకండి. చర్మం చిట్లి రక్తం వచ్చిన కాటు మూడో తరగతి. దానికి టీకా ఒక్కటే చాలదు. రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్... అదే సీరం... గాయంలోనూ చుట్టూనూ ఎక్కించాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ పుట్టడానికి వారం పైనే పడుతుంది. అందాకా కాపాడేది సీరమే. చెవి మెదడుకు దగ్గర. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కుక్క నోరు సరిగ్గా తలకూ ముఖానికీ అందుతుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు కల్ల.

ఇప్పుడు ఇదే మద్రాసులో ఇంకో దృశ్యం చూడండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చిన మన పిల్లలు ఇక్కడ మెడికల్ కోడింగ్ కంపెనీల్లో రాత్రింబవళ్లు కూర్చుని అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదువుతుంటారు. అక్కడ కుడి చెవికి కాటు పడితే ఎస్ 01.351. ఎడమ చెవికైతే 352. ఏ చెవో రాయకపోతే 359. చికిత్స సాగుతుంటే చివర 'ఎ', మానే దశలో చూపించుకోడానికొస్తే 'డి'. కరిచింది కుక్కయితే డబ్ల్యూ 54.0. మనిషి పొరపాటున కరిస్తే డబ్ల్యూ 50.3, కొట్లాటలో కావాలని కరిస్తే వై 04.1. ముక్కే ఊడిపోతే ఎస్ 08.1 కింద వేరే లెక్క. డాక్టరు రాయనిది కోడర్ ఊహించి వేయకూడదు. రాయనిది జరగనట్టే అన్నది వాళ్లకు మొదటి పాఠం.

ఎక్కడో టెక్సాస్ పిల్లాడి చెవి కుడిదో ఎడమదో మన పిల్లలు ఇంత పట్టుగా తేలుస్తారు. వాళ్ల కంపెనీకి కూతవేటు దూరంలో మన పిల్లాడి చీటీలో చెవి అన్న మాటే ఉండదు!

అమెరికాలో ఆ గోలంతా బిల్లు డబ్బుల కోసమేగా అంటారు. చాలావరకు నిజమే. ఇక్కడ ఓపీ వరస గేటు దాకా ఉంటే డాక్టరు వ్యాసాలు రాస్తూ కూర్చోవాలా అంటారు. అదీ నిజమే. కానీ మన దగ్గర ఆ ఒక్క వాక్యం మీద ప్రాణంతో పాటు ఇంకా చాలా ఆధారపడి ఉన్నాయి. పంజాబ్, హర్యానా హైకోర్టు 2023లో కుక్కకాటుకు పరిహారం ఎలా లెక్కేసిందో తెలుసా? పంటిగాటుకు కనీసం 10 వేలు, కండ ఊడితే 0.2 సెంటీమీటర్‌కు కనీసం 20 వేలు. గాట్లు లెక్కపెట్టి రాయకపోతే ఏ కోర్టు మాత్రం ఏం ఇస్తుంది? మనిషి కొరికిన కేసైతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ముఖానికో తలకో శాశ్వత వికృతి కలిగితే అది తీవ్ర గాయం. ఆ సంగతి పోలీసులకు చెప్పేది గాయం సర్టిఫికెట్టే. కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను 2030 నాటికి లేకుండా చేస్తామని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ఏ ఒంటి భాగానికి ఎన్ని కాట్లో తెలియకుండా ఏ ఆసుపత్రికి ఎంత సీరం పంపుతారు?

పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ పదో వర్గీకరణలో చెవికి తగిలిన తెరిచిన గాయమంతా ఎస్ 01.3 ఒక్కటే. కుడీ ఎడమా లేదు, కాటో కోతో ఆ అంకెలో తేలదు. కాబట్టి మాటల్లో రాయడం మరీ ముఖ్యం.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఓ రబ్బరు స్టాంపు చాలు. ఏది కరిచింది, ఎప్పుడు, ఏ చెవి ఏ భాగం, ముక్క ఊడిందా, ఎన్నో తరగతి, సీరం వేశారా... ఆరు ఖాళీలు. అర నిమిషం పని. సరిహద్దు దాటి వచ్చే రోగులున్న ఆసుపత్రుల్లో ఆ ఆరు ప్రశ్నలూ తెలుగులో కూడా గోడ మీద అతికిస్తే ఇంకా మేలు.

మన వంతూ ఉంది. కాటు పడగానే సబ్బుతో ధారగా పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. ఊడిన ముక్క ఉంటే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తీసుకెళ్లాలి. ఐసు నేరుగా తగలకూడదు. చీటీ పారేయకుండా ప్రతి మోతాదుకూ పట్టుకెళ్లాలి.

కిటికీ దగ్గర్నుంచి కదిలే ముందు చీటీ ఓసారి చూసుకోండి. చెవి సంగతి లేకపోతే మొహమాటపడకండి. తమిళం రాదని వెనక్కి తగ్గకండి. 'ఎంద కాదున్ను ఎళుదుంగ సార్' అనండి. ఏ చెవో రాయండి సార్ అని అర్థం. రాసేదాకా అక్కడే నిలబడండి.