ఉప్పునీటి తొట్టెకు తొందర పనికిరాదు

మంచినీటి చేపలను ఏళ్ల తరబడి పెంచినవారు సముద్రపు అక్వేరియం వైపు మొగ్గినప్పుడు, తేడా అంతా ఉప్పులోనే ఉందని భావిస్తారు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం కలపడం సులువే. అసలు చిక్కు అమ్మోనియాతో వస్తుంది. సముద్రజలపు ఉదజని సూచిక 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది. క్షారత పెరిగే కొద్దీ అమ్మోనియం విషపూరితమైన అమ్మోనియాగా మారే పాలు పెరుగుతుంది. మంచినీటిలో చేప ఓర్చుకొన్న మోతాదే ఇక్కడ ప్రాణం తీయగలదు.

పొలంలో అమ్మోనియంను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవుల వంటివే తొట్టెలోనూ స్థిరపడాలి. అందుకు సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాత మంచినీటి ఫిల్టరును తెచ్చి అమర్చినా ఈ గడువు తప్పదు. అందులోని బాక్టీరియాలో అధికభాగం ఉప్పునీటిలో పనిచేయదు. తొట్టె కొన్న రోజే చేపలనూ అంటగట్టే వర్తకం అందుకే గర్హనీయం.

వేసవిలో తగ్గిన నీటికి బదులు మళ్లీ ఉప్పునీరే పోయడం మరొక పొరపాటు. ఆవిరయ్యేది నీరే, లవణం కాదు. చౌడు నేలలు ఏర్పడేదీ ఇట్లే. లవణాలు తొలగించిన శుద్ధజలమే పోయాలి.

తొలి చేపగా, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీలో పునరుత్పత్తి సాధించిన క్లౌన్ చేపలను ఎంచుకోవడం ఉత్తమం. హేచరీలో పెరిగిన పిల్లకు తొట్టె మేత కొత్త కాదు; పగడపు దిబ్బ నుంచి పట్టి తెచ్చినదానికి అది అలవాటు చేయడమే కష్టం.