130వ నంబరు ఎవరిది?

జాబితాలు పేపర్లో పడ్డాయంటే చాలు, మన అశోక్ చౌక్ చాయ్ హోటళ్ళ ముందు రెండు పక్షాలు తయారవుతాయి. "బతకడానికి మంచి దేశాల్లో మనది 130వ నంబరట, ఇంకేమున్నది ఇక్కడ?" అనేది ఒక పక్షం. "అది తెల్లోళ్ళు కట్టిన లెక్క, మనల్ని తక్కువ చేసి చూపెట్టడానికే" అనేది రెండో పక్షం. మొదటి దాంట్లో ఎక్కువగా పిల్లగాండ్లు, రెండో దాంట్లో సాంచాల ముందు ముప్పై నలభై ఏండ్లు నిలబడ్డ పెద్దలు. గొంతు ఇద్దరిదీ పెద్దదే. ఆ లెక్క ఎట్ల కట్టిండ్రో అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

ఈ నెల ఆ లెక్కే విప్పి చూద్దాం. ఎందుకంటే ఈ వాదన ఇప్పుడు చాయ్‌తో అయిపోవడం లేదు. మా గల్లీలో ఒక పిల్లగాడు గల్ఫ్ పోతానని, తల్లి మెడలోని పుస్తెలు కుదువ పెట్టించేదాకా వచ్చిండు. ఏజెంటు ఆమెకు చెప్పిన మాట ఇది: "ఆ దేశం ప్రపంచంలో 15వ నంబరు, మనది 130. ఇంక సోచాయించేదేముంది అక్కా?" ఏజెంటు చెప్పిన నంబర్లు రెండూ నిజమే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 15, ఇండియా 130. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళ 2025 నివేదికలో అట్లనే ఉంది. కానీ ఆ నంబరు దేనికి ఇచ్చిండ్రో చూడాలి కదా.

ముందు "తెల్లోళ్ళ లెక్క" అనే మాట సంగతి. మానవాభివృద్ధి సూచిక అనే ఈ కొలతను 1990లో తయారు చేసింది మహబూబ్ ఉల్ హక్. ఆయన పాకిస్తాన్ ఆర్థికవేత్త, ఆ దేశానికి ఆర్థిక మంత్రిగా కూడా చేసినవాడు. ఆయనకు తోడు నిలిచింది మన అమర్త్య సేన్. ఇద్దరూ కేంబ్రిడ్జిలో కలిసి చదువుకున్న దోస్తులు. ఒక దేశం బతుకునంతా ఒకే అంకెలోకి కుదించడం సేన్‌కు మొదట ఇష్టం లేదు. అది మరీ ముతక పని అన్నాడు. ముతకదే, కానీ జీడీపీలాగా మనుషుల బతుకు కనిపించని గుడ్డి అంకె కాకుండా చేద్దాం అని హక్ ఆయన్ను ఒప్పించాడు. కాబట్టి ఇది మన ఉపఖండం బుర్రలోంచి వచ్చిన కొలతే.

దానిలో ఉన్నవి మూడే పోగులు. మనిషి ఎన్నేండ్లు బతుకుతాడు, ఎన్నేండ్లు చదువుతాడు, తలసరి ఆదాయం ఎంత. అంతే. ఆ నివేదిక ప్రకారం మన దేశంలో సగటు ఆయుష్షు 72 ఏండ్లు. 1990లో అది 58.6. ఇప్పుడు బడిలో చేరే పిల్లలు సగటున 13 ఏండ్లు చదువుతారని అంచనా. 1990లో ఈ అంచనా 8.2 మాత్రమే. అంటే మనం ఉన్నచోటనే నిలబడిపోలేదు, నడుస్తూనే ఉన్నాం. పెద్దల పక్షం ఈ మాట గట్టిగా చెప్పొచ్చు.

పిల్లగాండ్ల పక్షానికీ ఒక మాట ఉంది. ఈ మూడూ సగటు లెక్కలు. బంగళా సేటు ఆదాయం, బీడీలు చుట్టే అక్క ఆదాయం కలిపి భాగిస్తే వచ్చే అంకె ఇద్దరిదీ కాదు. ఆ సంగతి నివేదిక రాసినవాళ్ళకూ తెలుసు. అసమానతను కూడా లెక్కలోకి తీసుకుంటే మన దేశం అంకెలో 30.7 శాతం కోత పడుతుందని వాళ్ళే చెప్పారు. పగార్‌లో అంత కోత పడితే ఏమైతదో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక రెండో జాబితా. ప్రపంచ సంతోష నివేదిక అని 2012 నుంచి వస్తున్నది. 2025లో ఫిన్‌లాండ్ వరుసగా ఎనిమిదోసారి మొదటి స్థానం. మనం 118, పాకిస్తాన్ 109. దీని మీద మన దగ్గర ఎంత లొల్లి అయిందో గుర్తుండే ఉంటది. "వాళ్ళు మనకంటే సుఖంగా ఉన్నారా?" అని. అదే సంవత్సరం మానవాభివృద్ధి జాబితాలో మాత్రం పాకిస్తాన్ 168. ఒక జాబితాలో మనకంటే 9 మెట్లు పైన, ఇంకోదాంట్లో 38 మెట్లు కింద. దేశం మారలేదు, కొలబద్ద మారింది.

ఆ కొలబద్ద ఏమిటంటే ఒకే ఒక ప్రశ్న. చాలా దేశాల్లో ఏడాదికి సుమారు వెయ్యి మందిని అడుగుతారు. ఒక నిచ్చెన ఉందనుకోండి. అడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమయ్యే అన్నిటికంటే మంచి బతుకు పైన ఉంటుంది, అన్నిటికంటే చెడ్డది అడుగున. మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు? ప్రశ్నలో సంతోషం అనే మాటే ఉండదు. ఫిన్‌లాండ్ వాళ్ళ సగటు జవాబు 7.7, మనవాళ్ళది 4.4.

నాకు తోచింది చెప్తాను. నిచ్చెన పొడుగు ఎంతో ఆ మనిషి మనసులోనే ఉంటది. మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు మిల్లులో హాజిరి పడితే, రెండు పూటలా తిండి దొరికితే పైమెట్టు ఎక్కినట్టే. ఇప్పటి పిల్లగాడు చేతిలో ఫోన్ పట్టుకొని లోకమంతా చూస్తున్నాడు. తాత కంటే బాగా తింటున్నా కూడా తనను నాలుగో మెట్టు మీదే చూసుకుంటాడు. అది కృతఘ్నత అని పెద్దలు అనొద్దు. ఇంకా మంచి బతుకు ఉన్నదని వాడికి తెలిసింది, అంతే.

మూడోది నగరాల జాబితా. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 173 నగరాలకు మార్కులు వేస్తుంది. పెద్ద కంపెనీలు తమ ఆఫీసర్లను పరాయి ఊరికి పంపినప్పుడు కష్టానికి ఎంత భత్యం కట్టివ్వాలో తేల్చుకోవడానికి వాడే లెక్క అది. అక్కడ బతకడానికి ఎంత ఖర్చవుతుందో ఆ మార్కుల్లో చేర్చరు. పగార్ చూసుకొని కిరాయి కట్టేవాడికి మొదట కావలసిందే ఆ లెక్క!

అయినా ఆ జాబితా నుంచి కూడా నేర్చుకోవచ్చు. 2022 నుంచి 2024 దాకా మూడేండ్లు మొదటి స్థానం వియన్నాది. 2025లో కోపెన్‌హాగన్ దాన్ని దాటింది. వియన్నా కథ మనకు పనికొచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి కార్మికులు ఇరుకు గదుల్లో మగ్గిపోతుంటే, 1923లో నగరపాలిక ఇళ్ళ కోసమే ప్రత్యేకంగా పన్ను వేసింది. 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్ళు కట్టింది. ఈనాటికీ ఆ ఊరిలో సగం మంది దాకా నగరపాలిక ఇళ్ళలో, లేదా సర్కారు సాయంతో కట్టిన ఇళ్ళలో ఉంటారు.

మన షోలాపూర్ వాళ్ళకు ఈ ముచ్చట కొత్త కాదు. బీడీ అక్కల కోసం కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరుతో పదివేల ఇళ్ళు లేచినయి. ఆడం మాస్తర్ వెంట ఏండ్ల తరబడి నడిచిన మోర్చాలతో రే నగర్ వచ్చింది. 30 వేల ఇళ్ళ ఆ పథకంలో 15 వేల ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని అప్పగించారు. ప్రపంచ జాబితాల్లో మన ఊరి పేరు ఉండదు. కానీ జాబితాలో పైకి పోయే ఊళ్ళు ఏ దారిన పోయాయో, ఆ దారిలో మనవాళ్ళూ కొంత నడిచిండ్రు.

ఇప్పుడు గల్ఫ్ నంబరు దగ్గరికి వద్దాం. ఎమిరేట్స్ జనంలో పదింట దాదాపు తొమ్మిది మంది పరాయి దేశాల వాళ్ళే. అక్కడి ఆయుష్షు, చదువు, ఆదాయం మంచివే, అబద్ధం కాదు. కానీ మీ కొడుకు ఏ ఒప్పందం మీద పోతున్నాడు, నచ్చకపోతే యజమానిని మార్చుకోవచ్చునా, పెండ్లాం పిల్లల్ని తెచ్చుకోవచ్చునా, ఎండలో ఎన్ని గంటల పని, ఇవేవీ ఆ మూడు పోగుల్లో లేవు. 15వ నంబరు ఆ దేశానికి ఇచ్చింది. మీవాడి వీసాకు ఇచ్చింది కాదు.

పోవద్దని నేను అనను. కరీంనగర్, నిజామాబాద్ చుట్టాల ఇండ్లు ఎన్నో గల్ఫ్ పైసలతోనే లేచాయి, ఎన్నో మునిగాయి కూడా. పోయేముందు ఏజెంటు పేరు సర్కారు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. చట్టం ప్రకారం ఏజెంటు తన సేవకు తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. ఒప్పందం కాగితం ఇక్కడే చేతికి రావాలి. మా గల్లీ అక్కకూ ఇదే చెప్పాను. ఆమె ఏజెంటును కాగితం అడిగింది. ఈ రాత రాసే నాటికి అది రాలేదు, పుస్తెలూ మెడలోనే ఉన్నాయి.

చివరిగా ఒక పని. ఆ మూడు పోగుల్లో మన చేతికి అందేది చదువు. నివేదిక ప్రకారం మన దేశంలో 25 ఏండ్లు దాటిన వాళ్ళ సగటు చదువు 6.9 ఏండ్లే. పిల్లలకేమో 13 అంచనా. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు, కానివాడి పాస్‌పోర్టుకు తేడా ఉందని గల్ఫ్ పోయొచ్చిన వాళ్ళందరికీ తెలుసు. పాస్ కానివాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు ముద్ర పడుతుంది. అందుకే ఈ నెల మీ ఇంట్లో అవ్వ, అమ్మ, బిడ్డ, ముగ్గురూ ఎన్నేండ్లు బడికి పోయిండ్రో ఒక కార్డు మీద రాసి పత్రికకు పంపండి. పేర్లు అక్కర్లేదు, పేట పేరు చాలు. ఏ పేటలో ఆడపిల్లల చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోతున్నదో వచ్చే నెల ఇక్కడే వేస్తాం. ఆ జాబితా మీద ఎంత కొట్లాడుకున్నా నాకు సంతోషమే.