సముద్రం మీద కాపురం

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకు చమురు బావులతో పనేమిటని మీరు అడగవచ్చు. నాకేమీ లేదు, మా మేనల్లుడికుంది. వాడు కాకినాడకు ఎదురుగా, నడిసముద్రంలో బావులు తవ్వే ఓడ మీద ఇంజనీరు. నాలుగు వారాలు నీటిమీద, నాలుగు వారాలు నేలమీద వాడి కాపురం. ఆ నేలమీది వారాల్లో మూడింటిని మా అక్కయ్య వాడికి వండిపెట్టడంలో గడుపుతుంది. నాలుగోదాన్ని వాడు తిరిగి వెళ్ళకుండా ఉండేందుకు ఉపాయం వెతకడంలో గడుపుతుంది.

పోయిన కార్తీకంలో ఆ ఉపాయం వెతక్కుండానే దొరికింది. వాడు బయల్దేరడానికి ఇంక మూడు రోజులుందనగా అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టిందని వార్త వచ్చింది. మా కూచిపూడి చుట్టుపక్కల కోసిన వరి ఇంకా పనల మీదనే ఉంది. ఊరంతా ఆకాశం వంక చూస్తూంటే మా అక్కయ్య మాత్రం నా వంక చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ! కాలేజీలో అంతమందికి చెబుతావు గదా, వీడొక్కడికి చెప్పలేవుట్రా?" అంది.

అక్కయ్య భయాన్ని నేను వేళాకోళం చెయ్యలేను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి ఆవిడకు ఆరేళ్ళు. నేనింకా పుట్టలేదు. నాగాయలంక అవతల మా మేనత్తను ఇచ్చారు; ఆ రాత్రి సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడితే, ఆ ఇంట్లో నలుగురు పోయారు. ప్రభుత్వ లెక్కలోనే చచ్చిపోయినవారు దాదాపు 10,000 మంది. నాన్న వారం రోజులు వెతికి వట్టి చేతులతో తిరిగి వచ్చి అరుగుమీద కూలబడటం అక్కయ్యకు కళ్ళకు కట్టినట్టుంటుంది. బందరుకైతే అంతకు ముందే, 1864 నవంబరు 1న, ముప్ఫైవేల మందిని మింగిన ఉప్పెన ఉన్నది. కనక ఈ డెల్టాలో సముద్రమంటే భయపడేవాళ్ళు పిరికివాళ్ళని అనడానికి వీల్లేదు.

నేను అక్కయ్య పక్షాన వకాల్తా పుచ్చుకొని మేనల్లుణ్ణి అరుగుమీదికి పిలిచాను.

"ఏరా అబ్బాయీ! ఉప్పెన వస్తే మీ ఓడ గతేమిటి?"

"ఉప్పెన మాదాకా రాదు మామయ్యా" అన్నాడు వాడు తాపీగా.

నేను తెల్లబోయాను. వాడు చెప్పినదేమిటంటే, తుపాను గాలి నీటిని తీరంవైపు తోస్తుంది. లోతైన చోట ఆ నీరు అడుగునుంచి వెనక్కు మళ్ళిపోతుంది. అక్కడ మట్టం కొద్దిగానే పెరుగుతుంది. తీరం దగ్గర లోతు తక్కువగా ఉంటే పోవడానికి దారిలేక, నీరు ఒకదానిమీద ఒకటి ఎక్కి నేలమీద పడుతుంది. మన దివి, బందరు తీరాలు సరిగ్గా అటువంటివి. అంచేత ఉప్పెన ఒడ్డున ఉన్నవాళ్ళ శత్రువు. నడిసముద్రంలో ఉన్నవాడి శత్రువు వేరు: అల.

అల సంగతి కూడా చిత్రమైనదే. పైన అది ఎంత ఆర్భాటం చేసినా, తన పొడవులో సగం లోతుకు దిగేసరికి చప్పబడిపోతుంది. తుపానులో ఒక శిఖరంనుంచి ఇంకో శిఖరానికి 250 మీటర్లుండే అలను తీసుకుంటే, 125 మీటర్ల కింద దాని ఊపు దాదాపు ఉండదు. రెండు కిలోమీటర్ల కింద ఉన్న బురదకు పైన తుపాను వచ్చిందనే తెలియదు. ఇంజనీర్లు చేసే పనంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుందట.

లోతు తక్కువగా ఉన్నచోట, సురసానియానం ఎదుట ఉన్న రవ్వ క్షేత్రంలాంటి వాటిలో, ఇనపకాళ్ళ మంచెలు పాతుకోవచ్చు. అయితే మన నదులు యుగయుగాలుగా తెచ్చిపోసిన మెత్తని ఒండ్రు అది. మెరకమీద కట్టినట్టు పునాది వేస్తే డెల్టాలో ఇంటిగోడలు ఎలా బీటలు వారతాయో మనకు తెలుసు. అందుకని ఆ కాళ్ళకు చాలా లోతుదాకా దిమ్మలు దింపాలి. లోతు పెరిగితే ఈ పద్ధతి చెల్లదు. 2002లో కనుక్కొని 2009లో గ్యాసు తియ్యడం మొదలుపెట్టిన రిలయన్స్‌వారి డి-6లో మంచెను సుమారు 100 మీటర్ల లోతులో ఆపారు. బావుల నోళ్ళు మాత్రం ఇంకా దూరాన, సముద్రపు అడుగుననే ఉన్నాయి. 2020 డిసెంబరులో మొదలైన ఆర్-క్లస్టర్ బావులైతే 2,000 మీటర్లకు పైన లోతున ఉండి, 60 కిలోమీటర్ల గొట్టంతో ఆ మంచెను చేరుకుంటాయి.

"అల తగలని చోట దాక్కున్నారన్నమాట!" అన్నాను.

"దాక్కున్నాంగాని, అక్కడ ఇంకో చిక్కుంది" అన్నాడు వాడు. ఆ అడుగున నీటి బరువు మనమీదుండే గాలి బరువుకు 200 రెట్లు. చల్లదనం మూడు నాలుగు డిగ్రీలు. ఆ చలికి, ఆ ఒత్తిడికి గ్యాసూ, దానితో వచ్చే తేమా కలిసి మంచుగడ్డలాగా బిగుసుకొని గొట్టానికి బిరడా వేసినట్టు అడ్డుపడతాయట. మండే మంచు! అది పట్టకుండా గ్లైకాల్ అనే ద్రవాన్ని ఒడ్డునుంచి ఇంకో సన్నగొట్టంలో పంపుతూండాలి. పైన చూస్తే మనకు ఉక్కపోత, కింద గొట్టాలకు చలిజ్వరం.

మరి బావి తవ్వేటప్పుడు? ఓడ పైన ఉండక తప్పదు గదా! రెండు కిలోమీటర్ల లోతులో లంగరు వెయ్యడం ప్రయాస. అందుకని వాడి ఓడకు అడుగున అన్ని దిక్కులకూ తిరిగే పంకాలుంటాయి. గాలి ఇటు తోస్తే అవి అటు తోస్తాయి. ప్రవాహం అటు లాగితే ఇటు లాగుతాయి. మన తీరం వెంబడి ప్రవాహం మాఘ ఫాల్గుణాల్లో ఉత్తరానికీ, ఆశ్వయుజ కార్తీకాల్లో దక్షిణానికీ మళ్ళుతుంది కనక ఆ లెక్కకూడా చూసుకోవాలి. కంప్యూటర్లు రాత్రింబవళ్ళు ఈ పనిలో ఉండి, ఓడను బావికి సూటిగా నిలబెడతాయి. మా ఊళ్ళో పిల్లలు ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి తాళం తప్పకుండా తరంగం ఆడటం చూసిన నాకు, ఈ సంగతి వెంటనే బోధపడింది. తరంగమంటే అలే గదా!

ఉత్పత్తి మొదలయ్యాక ఉండే ఓడలది ఇంకో తీరు. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. వారు 98/2 ప్రాంతంలో తొలి చమురు తీసి ఎక్కించినది అలాంటి ఓడలోకే. అటువంటివి సాధారణంగా గొలుసులతో కట్టిన ఒక ఇరుసు చుట్టూ గాలికోడిలా తిరుగుతూ, ఎప్పుడూ ముక్కునే గాలికి ఎదురు పెట్టి నిలుస్తాయి.

"ఎంత అలకు తట్టుకునేట్టు కడతార్రా?" అని అడిగాను.

"నూరేళ్ళకోసారి వచ్చేదానికి."

"అయితే నూరేళ్ళు నిశ్చింతే!"

వాడు నవ్వాడు. నూరేళ్ళ అల అంటే నూరేళ్ళు ఆగి వచ్చేది కాదట; ఏ ఏడయినా రావడానికి నూటికి ఒక పాలు అవకాశమున్నది. పాతికేళ్ళు నడిచే బావి తన జీవితంలో దాన్ని చూసే అవకాశం నూటికి 22 పాళ్ళు. 2005లో కత్రీనా, రీటా అనే రెండు తుపానులు అమెరికా దక్షిణ సముద్రంలో 113 మంచెలను కూల్చివేశాయి. ఆ మంచెలమీద మనుషులెవ్వరూ చావలేదు, ముందే ఖాళీ చేశారు గనక. ఆ తరువాత అక్కడ కొత్త మంచెలను ఇంకా ఎత్తుగా కట్టమని నియమం వచ్చింది.

మా సంభాషణ ఇక్కడికి వచ్చేసరికి అక్కయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేము చూడలేదు.

"అయితే ముందుగా బయల్దేరితే బతుకుతారు, లేకపోతే లేదు. అంతేనా?" అంది.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పిన విషయం నేను అడిగినా చెప్పేవాడు కాదనుకుంటాను. ఓడనుంచి బావినోటిదాకా పెద్ద గొట్టం దిగి ఉంటుంది. కదలాలంటే ముందు బావిని మూసి, ఆ గొట్టాన్ని విప్పి పైకి లాగాలి. ఇరవై పాతిక మీటర్ల ముక్కలు ఎనభై తొంభై ఉంటాయి; అన్నీ వచ్చేసరికి రెండు రోజులైనా పడుతుంది. ఆ తరువాత ఓడ తుపాను దారినుంచి తప్పుకోవాలి. పని లేనివాళ్ళను హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చాలంటే అదీ గాలి రేగకముందే జరగాలి. కాని మన బంగాళాఖాతం చిన్నది. అండమాన్ దగ్గర పుట్టిన తుపాను నాలుగైదు రోజుల్లో తీరం చేరుతుంది. నడుమ పుట్టినదైతే రెండు రోజులే. అంటే అది తుపాను అవుతుందో లేదో తెలియక ముందే, అల్పపీడనంగా ఉండగానే, గొట్టం లాగుదామా వద్దా అన్నది తేల్చుకోవాలి. లాగితే ఓడ పని ఆగి రోజుకు కోట్ల రూపాయలు నష్టం. అది తీరా ఉత్త వానగా తేలిపోతే, తొందరపడ్డావని అనేవాళ్ళుంటారు.

"తేల్చేదెవరు?" అంది అక్కయ్య.

"కెప్టెను. ఓడ క్షేమం విషయంలో ఆయన మాటకు ఎవరూ అడ్డు రాకూడదని అంతర్జాతీయ నియమం ఉందమ్మా."

"నియమం ఉండటం వేరు" అంది ఆవిడ.

ఆ మాటకు జవాబుగా వాడు రెండు సంగతులు చెప్పాడు. నిజం దాచడం వాడికి రాదు. 1989 నవంబరు 3న థాయిలాండు సముద్రంలో సీక్రెస్ట్ అనే ఓడ తుపానులో తలకిందులై, 97 మందిలో 91 మంది చనిపోయారు. అదే తుపాను మలయా నేల దాటి మన బంగాళాఖాతంలోకి వచ్చి, నవంబరు 8 రాత్రి కావలి దగ్గర మనమీద పడింది. ఇక 2021 మే 17న బొంబాయి హై దగ్గర తౌక్టే తుపానులో, మనుషులుండే ఒక బార్జి లంగరు గొలుసులు తెగి మునిగింది; ఒక టగ్గు కూడా పోయింది. రెంటిమీదా కలిపి ఎనభైమందికి పైగా పోయారు. హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వచ్చింది.

1996 నవంబరులో కాకినాడ దక్షిణాన తీరం దాటిన తుపానుకు సముద్రంలో చిక్కిన బెస్తవాళ్ళకు ఈ లెక్కలూ లేవు, హెలికాప్టర్లూ లేవు. వందలమంది తిరిగి రాలేదు. ఆ సంగతి గుర్తువచ్చి నేను అడగవలసినది మింగేశాను.

ఆ రాత్రి ఎవరూ సరిగా భోజనం చెయ్యలేదు. అక్కయ్య వెళ్ళవద్దని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను కాలేజీనుంచి పామర్రు బస్సు దిగి ఇల్లు చేరేసరికి, మేనల్లుడు ఫోనులో మాట్లాడుతున్నాడు. కెప్టెను గొట్టం లాగించేస్తున్నాడట. మనుషులు మారే రోజు వెనక్కు జరిపారు, చెప్పేదాకా బయల్దేరవద్దన్నారు.

ఆ అల్పపీడనం చివరికి తుపాను కాలేదు. మా పొలాల్లో పనలు తడిశాయి, కొన్ని మొలకలెత్తాయి, ఓడకేమీ కాలేదు. కంపెనీలో ఎవరైనా కెప్టెనును సణిగారేమో వాడు చెప్పలేదు.

ఆరో రోజున వాడు రాజమండ్రికి ప్రయాణమయ్యాడు. అక్కయ్య కందిపొడి సీసా సంచీలో సర్దుతూ, "ఆ ఎనభై ముక్కలూ మళ్ళీ దింపేశారా?" అని అడిగింది.

"దింపుతున్నారమ్మా, ఇంకా సగమున్నాయి" అన్నాడు వాడు.

"దింపనీ. ఒకటో రెండో పైన ఉండగానే ఫోను చెయ్యి" అంది ఆవిడ, బస్సు కదులుతూంటే.